సులోచనత్త కాగితం పట్టీలు

ఆ సంగతి మా ఇంటికి మొదట మోసుకొచ్చింది ఆటో మల్లేశం. కరీంనగర్‌లో మా వీధి పిల్లల్ని పొద్దున బడికి తీసుకెళ్లి సాయంత్రం దింపేది అతనే. ఆ రోజు నా మనుమరాలు సహస్ర దిగి, సంచీ వరండాలో పడేసి లోపలికి పోయింది. మల్లేశం మాత్రం ఆటో ఆపి గేటు దగ్గర నిలబడ్డాడు. తులసి దగ్గర దీపం పెట్టబోతున్న నేను, ఏమైందోనని చేతిలో వత్తితోనే ఎదురు వెళ్లాను.

“పెద్దమ్మా, మీ సహస్రను తొమ్మిదో తరగతిల కూసోవెడతరట. ఆటోల పిల్లలందరిది గదే ముచ్చట.”

“ఏడు చదివే పిల్లను తొమ్మిదిల ఎట్ల కూసోవెడతరు మల్లేశం?”

“నాకేమెరుక. లెక్కల సారు అన్నడట. నేను ఏడుల రెండేండ్లు కూసున్న పెద్దమ్మా. నేను ఎక్కువ కూసున్న ఏడాది మీ పిల్లకు కలిసొచ్చినట్టున్నది.”

అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. నేను దీపం పెట్టి దండం పెట్టుకున్నాను కానీ ఏమని కోరుకోవాలో ఆ నిమిషాన తోచలేదు.

ఆసుపత్రిలో డ్యూటీ దిగి వచ్చాక నా కూతురు స్వరూప మొత్తం విషయం చెప్పింది. స్వరూప నర్సు. అల్లుడు రవీందర్ మస్కట్‌లో ఉంటాడు. బడిలో హెడ్‌మిస్ట్రెస్, లెక్కల సారు ఇద్దరూ తనను కూర్చోబెట్టి మాట్లాడారట. పిల్లకు ఏడో తరగతి లెక్కలు చాలడం లేదు, తోటివాళ్లు ఒక లెక్క చేసేలోపు తను పుస్తకం మూసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటోంది. ఇలాంటి పిల్లలకు దారులు లేకపోలేదన్నారు. ఎనిమిదో తరగతి దాటించి ఏకంగా తొమ్మిదికి పంపడం ఒకటి, అయితే పన్నెండేళ్ల పిల్ల తక్కిన పాఠాల్లో తట్టుకోగలదా అన్నది వాళ్ల అనుమానం. ఏడులోనే ఉంచి ఇంకా కష్టమైన లెక్కలు ఇవ్వడం ఒకటి. లెక్కల పీరియడ్‌కి మాత్రం తొమ్మిదో తరగతిలో కూర్చోబెట్టి, మిగతా రోజంతా తన తరగతిలోనే ఉంచడం మరొకటి. సారుకు ఈ చివరిదే మనసులో ఉంది.

“మరి ఇంకేంది బిడ్డా? మంచిదే గదా,” అన్నాను.

“పరీక్ష పెట్టిండ్రమ్మా. ఎనిమిదో తరగతి మొత్తం పేపరు ఇచ్చిండ్రు. జవాబులు ఒక్కటి తప్ప అన్నీ కరెక్టే. కానీ ఒక్క లెక్కకు కూడ స్టెప్పులు రాయలే. ఊరికె జవాబు రాసి కింద గీత కొట్టి వచ్చింది. జవాబున్నది, దాని దగ్గరికి పోయిన తొవ్వ లేదు అంటడు సారు. శనివారం హెడ్‌మిస్ట్రెస్ ముంగట మళ్ల రాయాలె. గప్పుడు గూడ గిట్లనే రాస్తే ఎక్కడిదక్కడే.”

ఎక్కడిదక్కడే అయితే ఫరవాలేదు. కానీ రవీందర్ ఫోన్‌లో వేరే మాట అన్నాడు. ఈ బడికి చేతకాకపోతే హైదరాబాద్‌లో హాస్టల్ ఉన్న చోట వేద్దాం, అక్కడ ఏడో తరగతి నుంచే పెద్ద పరీక్షలకు తయారు చేస్తారు అన్నాడు. తండ్రిగా అతని ఆశ అతనిది, తప్పు పట్టను. స్వరూప మాత్రం పరేషాన్ అయిపోయింది. ఆ మాట విన్నప్పటి నుంచి సహస్ర అన్నం సరిగ్గా తినడం లేదు. “నేను అఫ్రీన్‌ను ఇడిసి యాడికి పోను,” అని ఒకటే పట్టు. అఫ్రీన్ తన తరగతి పిల్ల, మా వెనక వీధిలోనే ఉంటుంది. లెక్కలంటే ఆ పిల్లకు జ్వరం.

ఆ సాయంత్రం మనుమరాలిని పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. “ఒక సంఖ్యను మూడింతలు చేసి, దానికి ఐదు కలిపితే ఇరవై ఆరు అయింది. ఆ సంఖ్య ఎంత?”

“ఏడు,” అంది, నా మాట పూర్తవుతూనే.

“ఎట్ల వచ్చింది?”

“వచ్చింది అమ్మమ్మా.”

“అదే, ఎట్ల?”

“కనవడ్తది. దానికేం జెప్పాలె?”

యాభై ఏళ్ల కిందట కాగజ్‌నగర్‌లో, మిల్లు క్వార్టర్ వెనక వాకిట్లో, సరిగ్గా ఆ మాటే నేను మా సులోచనత్తతో అన్నాను. ఆ మాటకు అత్త ఒక ఏడాది పోగొట్టుకుంది.

మా బాపు కాగితాల మిల్లులో, కాగితాన్ని కొలతకు కోసే చోట పని చేసేవాడు. ఆ ఊళ్లో పొద్దు పొడవడం కన్నా ముందు మిల్లు సైరన్ కూసేది. గాలి మా వైపు తిరిగిన రోజున వెదురు ఉడికిన వాసన ఇంటినిండా పరుచుకునేది. బాపు చొక్కాలో, గొంగడిలో, చివరికి మేం తినే జొన్నరొట్టెలో కూడా ఆ వాసన ఉందనిపించేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకుంటే మా అవ్వ (అమ్మను మేం అట్లాగే పిలిచేవాళ్లం) చిన్నబుచ్చుకునేది. నాకైతే ఇప్పటికీ కొత్త పుస్తకం తెరిస్తే ముందు బాపు గుర్తొస్తాడు. కోతలో అంచున మిగిలే సన్నటి కాగితం పట్టీలను అడిగి, గేటు దగ్గర చూపించి, వారానికో మూట తెచ్చేవాడు. రెండు వేళ్ల వెడల్పు, మూరెడు పొడవు. వాటితో అవ్వ పొయ్యి అంటించేది, అలమారా అరలకు కుచ్చులు కట్టేది, పప్పు డబ్బాల మూతల కింద పెట్టేది. మా ఇంట్లో బియ్యానికి ఎప్పుడైనా వెలితి ఉండేదేమో గాని పట్టీలకు ఉండేది కాదు.

అవ్వకు దమ్ము. చలి మొదలైతే గోడకు ఆనుకుని కూర్చుని ఊపిరి కోసం తన్నుకునేది. వావిలాకు మరిగించి ఆవిరి పట్టడం, తమ్ముళ్లకు స్నానాలు, రొట్టెలు, నీళ్లు. ఇవన్నీ చూసే మనిషి లేక ఐదో తరగతితో నా బడి ఆగిపోయింది. ఎవరూ కఠినంగా ఆపలేదు. ఒకరోజు వెళ్లలేదు, మరుసటి రోజూ వెళ్లలేదు, అంతే. అప్పుడు మా బాపు చెల్లెలు సులోచనత్త, మాకు సాయంగా ఉండటానికి మంచిర్యాల వైపు నుంచి వచ్చింది. చేతిలో ఒక రేకు పెట్టె. అందులో రెండు చీరలు, వేములవాడ రాజన్న పటం, పదో తరగతి పుస్తకాలు.

అత్త లెక్కల్లో రెండుసార్లు తప్పింది. ఆ మాట దాచేది కాదు. కొత్తవాళ్లు ఎంత చదివావని అడిగితే “పది, రెండుసార్లు” అనేది. ఆమెకు బాలవాడిలో టీచరు కావాలని ఉండేది. చిన్నపిల్లలంటే ప్రాణం. ఆ ఉద్యోగానికి పది పాస్ కావాలి. మిగతావన్నీ గట్టెక్కాయి, లెక్కలొక్కటే అడ్డం పడి ఉంది. మూడోసారి కట్టాలనుకుంది, చెప్పేవాళ్లు లేరు. అందుకని వంట అయ్యాక, అవ్వ కాస్త కునుకు తీసే వేళ, అత్త తన పుస్తకం ముందేసుకుని తనకు తెలిసినంత నాకు చెప్పడం మొదలుపెట్టింది. నాకు చెబుతుంటే తనకు గట్టిపడుతుందని ఆమె ఆలోచన. ఆరో తరగతి చదవాల్సిన పిల్లను అట్లా పదో తరగతి లెక్కల పుస్తకంలో పడ్డాను. ఇది నీ వయసుకు మించిందని చెప్పేవాళ్లు లేకపోవడం కూడా దేవుడు చేసిన మేలే అనుకుంటాను.

చలికాలం వెళ్లేసరికి సగం పుస్తకం అయిపోయింది. ఒకరోజు అత్త పేజీ తిప్పి, పుస్తకం నా వైపు జరిపింది. “రాజీ, గీడికే నాకు వచ్చేది. గీడినుంచి నాకు రాదు. నువ్వు చదివి నాకు చెప్పు,” అంది.

పన్నెండేళ్ల పిల్లకు ఒక పెద్ద మనిషి ఆ మాట చెప్పడం ఎంత గొప్ప కానుకో అప్పుడు తెలియలేదు. అప్పుడు తెలిసింది గర్వమొక్కటే. నేను చదివాను, పరుగెత్తాను, అత్తకు చెప్పడం మొదలుపెట్టాను. సమీకరణాలు వచ్చినప్పుడు నాకు ఒక సులువు దొరికింది. ఇటున్నది అటు పోతే గుర్తు మారిపోతుంది, ప్లస్ మైనస్ అవుతుంది. ఎందుకని అత్త అడిగింది. “కనవడ్తది అత్తా, దానికేం చెప్పాలె?” అన్నాను. పాపం, ఆమె తలూపింది. తనకు కనబడకపోవడం తన లోపమే అనుకుంది.

పరీక్షకు ముందు అవ్వ వేములవాడ రాజన్నకు, కోడెను గుడి చుట్టూ తిప్పించి కడతానని మొక్కుకుంది. లెక్కల పరీక్ష రాసిన రోజు అత్త నవ్వుతూ వచ్చింది. కాళ్లు కూడా కడుక్కోకుండా ఒక కాగితం పట్టీ తీసుకుని, తాను ఎట్లా రాసిందో నాకు రాసి చూపించింది. మూడు ఎక్స్‌కు ఐదు కలిపితే ఇరవై ఆరు. ఐదు అటు పోయింది, మైనస్ అయింది, ఇరవై ఒకటి వచ్చింది. బాగుంది. తర్వాత మూడు కూడా అటు పోయింది. అదీ గుర్తు మార్చుకుంది. ఇరవై ఒకటిలోంచి మూడు పోతే పద్దెనిమిది.

“ఎక్స్ పద్దెనిమిది. కరెక్టేనా టీచరమ్మా?” అంది.

ఏడు రావాలి. గుణించి ఉన్న మూడును భాగించాలి, తీసేయకూడదు. నేను చెప్పిన సులువులో ఆ తేడా ఎక్కడా లేదు. నాకు కనబడుతుంది కాబట్టి చెప్పనే లేదు. పేపరులో అలాంటి లెక్కలు ఎన్ని వచ్చాయో, అన్నిట్లోనూ అత్త మూడును తీసేసే ఉంటుంది. చెప్పాలి కదా. చెప్పలేదు. “కరెక్టే అత్తా,” అన్నాను. ఫలితాలు వచ్చేదాకా ఆ రెండు నెలలు సాయంత్రం దీపం ముందు నిలబడితే రాజన్న పటం వైపు తలెత్తలేకపోయాను.

పత్రికలో పాసైన నంబర్లు పడ్డ రోజున అత్త నంబరు లేదు. బాపు రెండుసార్లు వేలు పెట్టి వెతికాడు. అవ్వ దగ్గుతూనే ఏడ్చింది. “నా మొక్కుల ఏం తప్పు జరిగిందో,” అంది.

“దేవుడేం జేస్తడు వదినె,” అంది అత్త. “మూడు తీసేసి పద్దెనిమిది రాసింది నేను.”

అంటే ఆమెకు అప్పటికే తెలుసు. ఎవరినో అడిగి తెలుసుకుంది. తర్వాత నన్ను వాకిట్లోకి పిలిచింది. “రాజీ, నేను పట్టీ మీద రాసి చూపిచ్చిన్నాడే నీకెరుకనా?”

“ఎరుకే అత్తా.” నాకు ఏడుపు ఆగలేదు.

అత్త దగ్గరికి జరిగింది. తర్వాత నా ముక్కు తన కొంగుతో తుడిచింది. “మంచిగనే చేసినవ్ తియ్. చెప్తే రెండు నెలలు నిద్ర లేకపోవు. నువ్వు నిద్రపోయినవా మరి?”

లేదని తలూపాను.

“అయితే నీ వంతు శిక్ష నీకు అయింది. ఇగ జర మంచిగ చెప్పు. నాకు కనవడనిదాన్ని నీకు కనవడ్తదని ఇడిసిపెట్టకు.”

ఆ మర్నాడు పొయ్యి పక్కనున్న మూటలోంచి గుప్పెడు పట్టీలు తీసి నా ముందు పెట్టింది. ఇక మీదట ఒక పట్టీ మీద ఒకే స్టెప్పు. వెనక వైపు అది ఎందుకో. ఆ “ఎందుకు” ఆమెకు ఒప్పుదల అయితేనే పట్టీకి చిల్లు పెట్టి దారానికి గుచ్చేది, లేకపోతే పొయ్యిలో వేసేది. నా గర్వం చాలా రోజులు పొయ్యిలోనే కాలింది. లెక్క పూర్తయితే దారం చివర ముడి వేసి మేకుకు తగిలించేది. వంటింటి గోడకు వెల్లుల్లి గుత్తుల పక్కన మా లెక్కల దండలు వేలాడేవి. చూసినవాళ్లు అవి ఏ దేవుడికని అడిగేవారు. “మా రాజీకి,” అనేది అత్త.

మూడు దగ్గర మాత్రం నేను ఎన్ని పట్టీలు రాసినా అత్త ఒప్పుకోలేదు. చివరికి ఆ కారణం ఆమెకే దొరికింది, కాలనీ నల్లా దగ్గర. నీళ్ల వరసలో మా వంతు వచ్చింది. ఒక్క తీరు బిందెలు మూడు. అత్త నల్లా కింది తొట్టిలోంచి చెంబుతో ముంచి పోస్తూ పోస్తూ ఆగిపోయింది. “రాజీ, మూడు బిందెలకు కలిపి ఇరవై ఒక్క చెంబు పట్టినయనుకో. ఒక్క బిందెకు ఎన్ని? ఇరవై ఒకటిల మూడు తీసేస్తమా? మూడు పాళ్లు చేస్తమా?” వెనకనున్న ఆడవాళ్లు, “లెక్కలు ఇంటికి పోయినంక చేసుకోరాదుండ్రి, నల్లా బందయితది,” అని కేకలేశారు. అత్తకు వినబడలేదు. ఆమె మొహం వెలిగిపోతోంది. పుస్తకం చదివిన నాకు లెక్క వచ్చింది కాని, అది ఎందుకు అట్లా అవుతుందో నాకూ ఆ నల్లా దగ్గరే తెలిసింది. నాకు పాఠం చెప్పింది తప్పిన మనిషి.

మరుసటి ఏడాది మళ్లీ పెట్టిన పరీక్షలో అత్త పాస్ అయింది. మేమంతా వేములవాడ వెళ్లాం. మొక్కు ప్రకారం కోడె పగ్గం అత్త చేతికిచ్చారు. గుడి చుట్టూ తిరిగేటప్పుడు ఆ కోడె నాలుగడుగులు వేసి నిలబడేది, మళ్లీ దాని ఇష్టం వచ్చినప్పుడు కదిలేది. నేను వెనక నుంచి తోస్తుంటే అత్త తిరిగి చూసి, “తొందరేముంది, అదే నడుస్తది,” అంది. తర్వాత ఆసిఫాబాద్ వైపు ఒక పల్లెలో బాలవాడి టీచరుగా చేరి, కళ్లు కనబడినంత కాలం పిల్లలకు అంకెలు దిద్దించింది. నేను ఇంటి నుంచే పది రాసి పాస్ అయ్యాను, బడి మెట్టు మళ్లీ ఎక్కకుండానే. ఈ రెండు అక్షరాలు రాయగలుగుతున్నానంటే అక్కడి నుంచి వచ్చిన బలమే.

సహస్రకు ఇదంతా చెప్పి, దేవుడి అలమారాలో రాజన్న పటం వెనక దాచుకున్న దండను తీసి చేతికిచ్చాను. అన్ని దండలూ పోయాయి, బిందెల లెక్క అత్త తన చేత్తో రాసుకున్న ఇదొక్కటే మిగిలింది. కాగితం పసుపు తిరిగింది గాని అత్త ఏటవాలు రాత చెదరలేదు. పిల్ల ఒక్కొక్క పట్టీ తిప్పి ముందూ వెనకా చదివింది.

“గింత చిన్న లెక్కకు గిన్ని పట్టీలా అమ్మమ్మా?”

“ఊఁ.”

“మీ అత్తకు లెక్కలు రాకుండెనా?”

“రాకుండె. అందుకే నాకు వచ్చినయి.”

శుక్రవారం సాయంత్రం అఫ్రీన్‌ను పిలిపించాను. పాత క్యాలెండర్ కాగితాలను రెండు వేళ్ల వెడల్పున కత్తిరించి, దారం, సూది పెట్టి, వంటింట్లో నా కళ్లముందే కూర్చోబెట్టాను. నియమం ఒక్కటే. సహస్ర చెప్పాలి, అఫ్రీన్ ఒప్పుకుంటేనే పట్టీ దారానికి ఎక్కుతుంది. అఫ్రీన్‌కు మొదటిసారి ఒకరి మీద అధికారం దొరికింది. “ఎందుకు?” “అదే ఎందుకు?” అని రెండు లెక్కల్లోనే మా పిల్లను ఏడిపించినంత పని చేసింది.

“గదే గదనే, కనవడ్తలేదా నీకు?”

“కనవడ్తలేదు. కనవడ్తె నీ దగ్గరికెందుకొస్త?”

మూడో లెక్కలో భిన్నంతో భాగించాల్సి వచ్చింది. సహస్ర భిన్నాన్ని తిరగేసి గుణించింది. ఎందుకు తిరగేశావని అఫ్రీన్ అడిగింది. సహస్ర పెన్సిల్ కొరికింది. నా వైపు చూసింది. నేను పెనం మీద రొట్టె తిప్పుతూనే ఉన్నాను. ఆ పిల్ల తనకు తెలియనిది ఒకటి ఉందని తెలుసుకుంటుంటే నేను మధ్యలో ఎందుకు?

కాసేపటికి అఫ్రీనే పళ్లెం వైపు చూస్తూ, “మూడు రొట్టెలున్నయ్. తలా సగం అంటే ఎంతమందికి వస్తయే?” అంది.

“ఆరుగురికి,” అంది సహస్ర. పళ్లెం వైపు తిరిగి చూసింది. “ఓ. మూడును అరతోని భాగిస్తే ఆరు. ఒక్కొక్క రొట్టెల రెండు సగాలు. గందుకే రెండుతోని గుణిస్తం.” గబగబా పట్టీ వెనక రాసింది. అఫ్రీన్ చాలా దర్జాగా ఆ పట్టీని సూదికి గుచ్చింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ అనుకున్నారు పిల్లలు, మాది గ్యాసు పొయ్యి అయినా.

శనివారం స్వరూప సెలవు పెట్టి వెంట వెళ్లింది. నేను ఇంట్లోనే ఉండి, పని చేసుకుంటూ రాజన్నను తలచుకున్నాను. నెగ్గాలని మొక్కలేదు. తనకు తెలిసింది ఎదుటివారికి చెప్పే ఓపిక ఇవ్వమని అడిగాను. మధ్యాహ్నం వాళ్లు వచ్చారు. మామూలు తెల్ల కాగితం మీదే, కానీ వరసకు ఒక్క స్టెప్పు చొప్పున, పక్కన చిన్న అక్షరాలతో కారణం రాసిందట. టైం చాలక చివరి రెండు లెక్కలు మిగిలిపోయాయి. “పోయినసారి అన్ని జవాబులున్నయి. ఈసారి తొవ్వ కనవడ్తుంది. నాకు ఇదే కావాలె,” అన్నాడట సారు.

సోమవారం నుంచి లెక్కల పీరియడ్‌కు తొమ్మిదో తరగతికి వెళుతోంది, మిగతా రోజంతా ఏడులోనే. వారంలో ఒక రోజు మాత్రం తన తరగతి లెక్కలకే ఉంటానని తనే అడిగింది, అఫ్రీన్ పక్కన కూర్చోవడానికి. హెడ్‌మిస్ట్రెస్ ఒప్పుకుంది. రవీందర్ ఫోన్‌లో “సరే, ఒక ఏడాది చూద్దాం,” అన్నాడు. తొమ్మిదిలో మొదటి రోజు పెద్ద పిల్లలు తనను “పాప” అన్నారని సహస్ర ముఖం ముడుచుకుని వచ్చింది. రెండో రోజు అందులో ఒక అమ్మాయి లెక్క చెప్పమని పక్కన కూర్చుందట. ముందు ఏమవుతుందో నాకు తెలియదు. పిల్ల అన్నం తింటోంది, అది చాలు.

ఆ రోజుల్లో నాలాంటి ఆడపిల్ల ఏ తరగతి లెక్క చేయగలదని ఆలోచించడానికి ఏ పెద్ద మనిషీ బల్ల ముందు కూర్చోలేదు. ఈనాడు ఒక పిల్ల కోసం ఇద్దరు టీచర్లు మూడు దారులు ముందు పెట్టి, ఏది మంచిదని తల్లిని అడుగుతున్నారు. ఇది చూసే భాగ్యం నాకు దక్కినందుకు రోజూ దండం పెట్టుకుంటాను. అప్పుడు లేనివి ఇప్పుడు చాలా ఉన్నాయి. అప్పుడు నాకున్నది ఒక్క సులోచనత్త.

ఇది చదివినవారిని ఒక్కటే అడుగుతాను. మీ ఇంట్లో చురుకైన బిడ్డ ఎప్పుడైనా “కనబడుతుంది, దానికేం చెప్పాలి” అంటే, ఇరవై ఒకటిలోంచి మూడు తీసేసి పద్దెనిమిది రాసి, ఆ తప్పు నేర్పిన పిల్ల ముక్కు తుడిచి, మళ్లీ ఆ పిల్ల ముందే కూర్చున్న మా సులోచనత్తను ఒక్కసారి తలచుకోండి.